మద్రాసు పార్క్ టౌన్‌లో కొన్న 340 రూపాయల దీపాల జత: పద్నాలుగు నెలలు వాడాక

చూడ్డానికి ఇవి ఏమంత గొప్పగా ఉండవు, ముందే చెప్పేస్తున్నాను. రెండున్నర అంగుళాల ఎత్తు. రెండూ కలిపి ఒక అరచేతిలో పట్టేస్తాయి. పైన చిన్న గిన్నె, గిన్నె మధ్యలో పువ్వొత్తి నిలబెట్టడానికి ఒక గుంత, కింద పొట్టి కాడ, గుండ్రటి అడుగు. నెమలి లేదు, హంస లేదు, నగిషీ అసలే లేదు. జత 280 గ్రాములు తూగింది, 340 రూపాయలు తీసుకున్నారు. మా తోడల్లుడు మొదటిసారి చూసి, "ఇవి పాప ఆడుకునేవా అన్నయ్యా?" అని అడిగాడు.

అయితే మా ఇంట్లో రోజూ దీపం వెలగడం ఇవి వచ్చాకే మొదలైంది. అంతకు ముందు దీనికోసం నేను పెట్టిన ఖర్చు చెప్తే నవ్వుతారు.

2022 దసరాకి ఆన్‌లైన్లో పూజా మందిరం తెప్పించాను, 6,800 రూపాయలు. చెక్క అని పేరేగానీ లోపలంతా పొట్టు అంటించి చేసిన బోర్డు. వెనక ఎల్‌ఈడీ లైటు, కింద డ్రాయరు, గంటలు వేలాడే తలుపులు. మొదటి వారం ఇంటిల్లిపాదీ నిలబడి హారతి తీసుకున్నాం. దీపావళి నాటికి ఆ డ్రాయర్లోకి కరెంటు బిల్లులు, పాత రిమోట్లు చేరాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరిలో మాది గ్రౌండ్ ఫ్లోరు. మోకాలి లోతు నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి. నీళ్ళు తీశాక చూస్తే మందిరం అడుగుభాగం పూరీలా పొంగి ఉంది. పటాలు అటక మీదికి ఎక్కించాం కాబట్టి దక్కాయి.

తర్వాత పూలు ఇంటికి తెచ్చే యాప్ ఒకటి. నెలకి 600. పొద్దున ఆరింటికల్లా గుమ్మానికి సంచి తగిలిస్తామన్నారు, ఏడున్నరకి తగిలించేవాళ్ళు. నా ఆఫీసు క్యాబ్ 6:50కి. పూలు వచ్చాక పూజ అనుకుంటూ కూర్చుంటే, పూలు వచ్చేసరికి నేను సిరుసేరి దారిలో ఉండేవాణ్ణి. వానలప్పుడు ప్లాస్టిక్ కవర్లో తులసి జిగురు కట్టేది. రెండు నెలలకి ఆపేశాను.

అన్నింటికన్నా చిరాకు తెప్పించింది జపం యాప్. రోజూ పొద్దున గంట కొట్టి లేపుతుంది, చదివినట్టు నొక్కితే లెక్క పెంచుతుంది. పంతొమ్మిది రోజులు వరసగా నొక్కాను. ఇరవయ్యో రోజు అమ్మకి నెల్లూరులో కంటి ఆపరేషన్. పొద్దున్నుంచి రాత్రి దాకా హాస్పిటల్ కుర్చీలో కూర్చుని, లోపల మనసులో అనుకోని దేవుడు లేడు. ఆ రాత్రి బస్సులో ఫోన్ తీస్తే లెక్క సున్నా. కింద ఇంకో మాట కూడా: 499 కడితే పోయిన లెక్క తిరిగి ఇస్తారట. ఆ బస్సులోనే తీసిపారేశాను. జీవితంలో ఎక్కువ దండాలు పెట్టుకున్న రోజుకి వాళ్ళు వేసిన మార్కు సున్నా.

అప్పుడు అమ్మ కావలి నుంచి తన కుందులు ఇచ్చి పంపింది. అడుగు ఎత్తు, బరువైన పాత ఇత్తడి. నాయనమ్మ నుంచి వచ్చినవి. వాటితో వచ్చిన ఇబ్బంది వేరు. అమ్మ అలవాటు ప్రకారం నిండా నువ్వుల నూనె పోసి, రెండేసి వత్తులు కలిపి వెలిగించేవాణ్ణి. అది గంటన్నర పైనే వెలుగుతుంది. నేను 6:50కి, మా ఆవిడ టీచరు కాబట్టి ఏడుంబావుకి పాపను తీసుకుని, ఇద్దరం బయటపడతాం. పూజ మూల వంటింట్లోనే, గ్యాస్ బండకి నాలుగడుగుల దూరం. దీపాన్ని నోటితో ఊదకూడదు, పువ్వుతో కొండెక్కించాలి అంటుంది అమ్మ. మనం ఆ హడావిడిలో పువ్వు వెతకం. "ఏమండీ, దీపం కొండెక్కించారా?" అని మా ఆవిడ స్కూలు దగ్గర్నుంచి ఫోన్ చేసిన రోజు, షోళింగనల్లూరు దగ్గర క్యాబ్ దిగి, ఆటోలో వెనక్కి వచ్చాను. కొండెక్కే ఉంది. ఆటోకి 280. మర్నాటి నుంచి నేను దీపం మానేశాను. పైకి టైం లేదన్నాను కానీ అసలు సంగతి టెన్షన్.

సరే, కొట్టు సంగతి. ఆ టెన్షన్‌కి మందు గాజు చిమ్నీ ఉన్న అఖండ దీపం అనుకుని, గత ఏడాది సంక్రాంతి ముందు శనివారం, జేబులో రెండున్నర వేలు పెట్టుకుని పార్క్ టౌన్ వెళ్ళాను. సెంట్రల్ మెట్రోలో దిగి పావుగంట నడక. కందస్వామి గుడి, అక్కడివాళ్ళ మాటలో కందకోట్టం, దాటాక రెండు సందుల అవతల. వెడల్పు ఆరడుగులు ఉంటుందేమో, బోర్డు మీద అరవం మాత్రమే. కప్పు నుంచి గొలుసు దీపాలు గబ్బిలాల్లా వేలాడుతూ ఉంటాయి, తల వంచుకుని వెళ్ళాలి. గల్లాపెట్టె దగ్గర అరవై దాటిన ఒకాయన. నేను ఫోన్లో మా ఆవిడతో మాట్లాడుతుంటే విని తెలుగులోకి దిగాడు. తాతల నాటి నుంచి ఆ వీధిలోనేనట. "మాట్లాడేది వస్తుంది సార్, చదివేది రాదు" అన్నాడు. మద్రాసు పాత వీధుల్లో ఇలాంటి తెలుగువాళ్ళు చాలామంది కనపడతారు.

గాజు చిమ్నీ దీపం చూపించమన్నాను. చూపించలేదు.

"రోజూ పెట్టేదానికా సార్, పండగలకా?"

"రోజూ పెట్టాలని."

"పెట్టాలని అంటే ఇప్పుడు పెట్టేది లేదు." నవ్వకుండానే అన్నాడు. "ఎంతసేపు కూచుంటారు?"

అరగంట అన్నాను. ఆయన ఏమీ అనలేదు, అలా చూస్తూ ఉన్నాడు. పది నిమిషాలు అని దిద్దుకున్నాను.

"ఇంట్లోంచి ఎన్ని గంటలకి బయటపడతారు?"

చెప్పాను. "అట్లయితే ఆ గాజుది మీకొద్దు. అది మండపాలకి, మఠాలకి" అని, కుర్రాణ్ణి పిలిచి లోపల గోనెసంచిలోంచి ఈ జత తెప్పించాడు. తన నీళ్ళ బాటిల్లోంచి రెండు గిన్నెల్లోనూ నీళ్ళు పోసి కాగితం మీద పెట్టాడు. కాసేపు ఆగి ఎత్తి చూపించాడు, కాగితం పొడిగా ఉంది. తుడిచి, సొరుగులోంచి నేతిలో ముంచిన పువ్వొత్తులు రెండు తీసి గుచ్చి, అగ్గిపుల్ల గీశాడు. "మీరు కొట్టు చూడండి, ఇవి వెలుగుతుంటాయి."

చూశాను. నాచ్చియార్‌కోయిల్ కుత్తువిళక్కులు, అంటే నిలువు కుందులు, నా భుజం దాకా వచ్చేవి ఉన్నాయి. కుంభకోణం దగ్గర ఆ ఊరి దీపాలకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అడుగు, కాడ, గిన్నె, పైన హంస విడివిడిగా పోతపోసి మరలతో బిగిస్తారు, అందుకే మనిషి ఎత్తు దీపాన్ని కూడా విప్పి మూటగట్టి బండెక్కించొచ్చు. వాటి ధర అడిగి, వినేసి, వెనక్కి వచ్చేసరికి ఒక దీపం కొండెక్కింది. రెండోది రెప్పలు కొడుతోంది. ఫోన్లో చూస్తే పన్నెండు నిమిషాలు.

"ఇంతే సార్. ఇది అయ్యేదాకా కూచోండి, అయినాక లేవండి."

రెండున్నర వేలు ఖర్చుపెడదామని వచ్చినవాడికి 340 రూపాయలవి అంటగట్టిన కొట్టు నాకు ఇంకోటి తెలీదు.

ఇక వాడకం. ఆదివారం రాత్రి పద్దెనిమిది పువ్వొత్తులు, కరిగించి చల్లార్చిన నేతిలో ముంచి, స్టీలు డబ్బాలో వరసగా నిలబెట్టి ఫ్రిజ్‌లో పెడతాను. రెండు చెంచాల నెయ్యి, అయిదు నిమిషాల పని. అగ్నినక్షత్రం, అంటే మండువేసవి రోజుల్లో బయట పెడితే గంటలో నెయ్యంతా డబ్బా అడుక్కి దిగిపోతుంది, ఫ్రిజ్ తప్పదు. కొన దగ్గర చిటికెడు కర్పూరం పొడి అద్దితే ఒక్క పుల్లకే అంటుకుంటుంది. రెడీమేడ్ నేతి వత్తులు డబ్బాల్లో దొరుకుతాయి, ఒకసారి కొన్నాను. వెలిగిస్తే డాల్డా వాసన, గోడకి మసి. మళ్ళీ కొనలేదు.

పొద్దున ఆరింటికి స్నానం అయ్యాక ఫిల్టర్లో పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి మూత పెడతాను. డికాషన్ చుక్క చుక్కగా దిగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది కదా, అప్పుడు దీపం వెలిగిస్తాను. దీపం కొండెక్కేసరికి డికాషన్ తయారు. ఈ సంగతి అమ్మకి ఫోన్లో చెప్తే, "కాఫీ కోసం పూజ చేస్తున్నావా, పూజ కోసం కాఫీ తాగుతున్నావా?" అంది. తెలీదమ్మా అన్నాను. మద్రాసులో పదిహేనేళ్ళుగా ఉంటున్నాను, ఫిల్టరు పెట్టని రోజు ఒక్కటి కూడా లేదు. మందిరాలు, యాప్‌లు అన్నీ అయ్యాక, ఎన్నడూ తప్పని ఆ ఒక్క పనికి దీపాన్ని కట్టేశాను, అంతే.

ఏం చదువుతారని అడిగితే చెప్పుకోదగ్గదేమీ లేదు. ఒకప్పుడు మొదటి రోజే విష్ణు సహస్రనామం ఎత్తుకునేవాణ్ణి. చూసి చదివితే నాకు ముప్పై అయిదు నిమిషాలు. మూడు రోజులు చదవడం, నాలుగో రోజు నిద్ర లేవకపోవడం. ఇప్పుడు దీపం శ్లోకం, ఒక ఇరవై గోవింద నామాలు, పోయిన పెద్దవాళ్ళ పేర్లు. అది అయిదు నిమిషాలు కూడా పట్టదు. మిగతా టైం ఊరికే కూచుంటాను. మొదటి నెల ఆ ఊరికే కూచోడం ఎంత కష్టమో! ఫోన్ కోసం చెయ్యి దానంతట అదే జేబు దగ్గరికి పోయేది. ఆదివారం మాత్రం జతలు మూడు, ఒకటి కొండెక్కాక ఒకటి వెలిగిస్తాను. సహస్రనామానికి సరిగ్గా సరిపోతాయి.

ఆఖరి నిమిషం చూడాలి. నెయ్యి అయిపోవస్తుంటే మంట కిందికి కుంగుతుంది. పసుపు తగ్గి అడుగున నీలం మిగులుతుంది. వత్తి కొన ఎర్రటి చుక్కలా మారి, సన్నటి పొగ తీగ ఒకటి నిటారుగా లేచి, పటం అంచు దాకా వెళ్ళి విడిపోతుంది. రెండూ ఒక్కసారి కొండెక్కిన రోజు ఈ పద్నాలుగు నెలల్లో మూడో నాలుగో. కిటికీ వైపుది త్వరగా అయిపోతుంది, గాలి వల్ల. మా పాపకి ఏడేళ్ళు. మొదట్లో ఆ టైంకి లేచేదే కాదు. ఇప్పుడు పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడి, "నాన్నా, ఇవాళ ఎడమది గెలిచింది" అని లెక్క చెప్తుంది. దానికి పూజ అంటే పందెం. నేనేమీ దిద్దలేదు.

లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. రెండిట్లో ఒకటి ఊగుతుంది, అడుగు చదునుగా లేదు. రెండో వారం పట్టుకెళ్తే ఆయన అక్కడే ఆకురాయితో రాసి ఇచ్చాడు, తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పటికీ దాని కింద అట్టముక్క ఉంది. కొత్తలో పైన మెరుపు కోసం పూసిన పూత వేడికి నల్లబడి రెండు రోజులు వాసన కొట్టింది. వాడే ముందు ఒకసారి వేడినీళ్ళలో వేసి తోమమని చెప్పి ఉండాల్సింది. చిన్న వస్తువు, పల్చటి ఇత్తడి కాబట్టి గిన్నె త్వరగా కాలుతుంది. కొండెక్కిన వెంటనే ముట్టుకుని వేలు చురుక్కుమనిపించుకున్నాను. పిల్లలున్న ఇంట్లో అంచున్న స్టీలు పళ్ళెంలో పెట్టుకోండి, తేలిక కదా, చెయ్యి తగిలితే పడిపోతాయి. వారానికోసారి చింతపండు రాయాల్సిందే. ఇత్తడి మీద పట్టే నల్లటి పొరని చింతపండులో పులుపు కరిగిస్తుంది, పౌడర్లు అక్కర్లేదు. మేము గురువారం సాయంత్రం తోముకుంటాం.

ఇంకో మాట. కార్తీక మాసంలో బయట పెట్టడానికి ఇవి దండగ. ఆ నెల మద్రాసులో ఈశాన్య రుతుపవనాలు ఊపు మీద ఉంటాయి, వాకిట్లో వెలిగిస్తే పుల్ల ఆర్పే లోపే కొండెక్కుతాయి. సంధ్యాదీపం రెండు గంటలు వెలగాలనే ఇంటికి కూడా పనికిరావు.

మా ఆఫీసులో ట్రైనింగ్ అని ఒకావిడ వచ్చి, 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని చెప్పి వెళ్ళింది. నాకు పంతొమ్మిదో రోజు గుర్తొచ్చి ఒళ్ళు మండి, ఆ లెక్క ఎక్కడిదా అని వెతికాను. 1960లో ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్ పుస్తకంలో రాసిన మాట నుంచి వచ్చిందట. ముక్కు మార్చుకున్నవాళ్ళకి కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించాడు. దీపానికీ ముక్కుకీ ఏం సంబంధం? నిజంగా లెక్క కట్టినవాళ్ళు లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు, 2009లో అచ్చయింది. 96 మంది, 12 వారాలు, పండు తినడం, నీళ్ళు తాగడం, వ్యాయామం లాంటి చిన్న పనులు. పని దానంతట అది జరిగే స్థితికి రావడానికి ఒక్కొక్కరికి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని ఆ 12 వారాల లెక్కల నుంచి అంచనా కట్టారు, నడిమి లెక్క 66. మన మండలం దీక్షలు దీనికి కాస్త దగ్గరగానే ఉన్నాయి, అయ్యప్ప మాలకి 41, ఇక్కడ అరవవాళ్ళ మండలం 48. ఆ పరిశోధనలో నాకు నచ్చింది వేరే. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడడంలో పెద్ద తేడా రాలేదు. సున్నా వేసిన యాప్‌వాళ్ళకి ఇది ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండు.

ఒక రోజు తప్పడం సరే, పదకొండు రోజులైతే? గత ఏడాది ఆగస్టులో కావలిలో మా పెదనాన్న పోయారు. జ్ఞాతులం కాబట్టి మైల, దీపం పెట్టకూడదు. కర్మలకి వెళ్ళొచ్చి మధ్యలో నాలుగు రోజులు మద్రాసులో ఉన్నాను. ఇదిగో, ఇక్కడితో మళ్ళీ అయిపోయింది అనుకున్నాను, ఇలాంటి గ్యాప్ వచ్చాక నేను దేన్నీ మళ్ళీ మొదలుపెట్టిన చరిత్ర లేదు. మొదటిరోజు పొద్దున అలవాటు కొద్దీ స్నానం చేసి ఫిల్టర్లో నీళ్ళు పోశాను. పోశాక ఏం చేయాలో తోచలేదు. దీపాలు తోమి బోర్లించి ఉన్నాయి. వాటి ముందే కూర్చున్నాను. శ్లోకం లేదు, నామాలు లేవు. ఫిల్టర్లో చుక్కలు పడే చప్పుడు వినపడుతోంది. అంతకు ముందెప్పుడూ వినలేదు అది. పెదనాన్న నన్ను సైకిల్ మీద కావలి స్టేషన్‌కి తీసుకెళ్ళి గూడ్సుబండి డబ్బాలు లెక్కపెట్టించడం గుర్తొచ్చింది. చప్పుడు ఆగాక లేచాను. నాలుగు రోజులూ అంతే. పన్నెండో రోజు దీపం వెలిగించినప్పుడు మళ్ళీ మొదలుపెట్టినట్టు నాకనిపించలేదు.

మొత్తం మీద ఈ పద్నాలుగు నెలల్లో తప్పిన రోజులు, ఊరెళ్ళినవీ జ్వరాలూ కలిపి, ముప్పై దాకా ఉంటాయి. రాసిపెట్టుకోలేదు.

మార్కులంటే, దీపాలకి అయిదుకి నాలుగు. ఊగేదానికి ఒకటి కోశాను. కొట్టుకి నాలుగున్నర. అర ఎందుకు తగ్గించానంటే, బేరం లేదు, బిల్లు అడిగితే తప్ప ఇవ్వరు, స్కానర్ గంటల కుప్ప వెనక ఉంటుంది, వెతికి తీసేసరికి వెనకవాళ్ళు విసుక్కుంటారు. చిల్లర తీసుకెళ్ళండి. శుక్రవారం, కృత్తిక రోజు గుడి రద్దీకి ఆ సందులో కాలు పెట్టలేరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ సగం దించి ఉంటుంది, వంగి పిలిస్తే పలుకుతారు.

మొన్న మళ్ళీ వెళ్ళాను. అమ్మ కుందులు నాకిచ్చేశాక ఆవిడ మట్టి ప్రమిదలతో సర్దుకుంటోందని మా పిన్ని చెప్పింది. ఆ సంగతి ఆయనకి చెప్పి, అమ్మకీ ఒక జత ఇవే తూచమన్నాను. ఆయన తక్కెడలో పెట్టబోయి ఆగాడు.

"అమ్మగారు ఎంతసేపు కూచుంటారు సార్?"

"గంటన్నర, రెండు గంటలు."

దీపాలు తక్కెడలోంచి తీసి గోనెసంచిలో వేసేశాడు. "ఆమె కుందులు మీ ఇంట్లోనే కదా ఉండేది? తోమించి ఆమెకే ఇచ్చేయండి."

వత్తుల పొట్లం ఒక్కటి కొన్నాను. ముప్పై రూపాయలు.